వైమానిక దళంలో పైలట్ కొలువు: శిక్షణ, జీతం, పింఛను, తిరిగి మార్చుకోలేని నిర్ణయాలు

ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆయన కొడుకు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు, కూతురు బీటెక్ చివరి ఏడు చదువుతున్నారు. ఇద్దరికీ భారత వైమానిక దళంలో పైలట్ కావాలని ఉంది. ఏ దారిన వెళ్లాలి, శిక్షణ ఎలా ఉంటుంది, నెలకు చేతికి ఎంత వస్తుంది, బయటికి వచ్చాక ఏం మిగులుతుంది, కొన్నేళ్లు చేసి ఎయిర్‌లైన్స్‌కు మారిపోవచ్చా అన్నవి ఆయన సందేహాలు. చివర్లో వాళ్ల అమ్మగారు అడగమన్న ప్రశ్న ఒకటి ఉంది, దానికి చివర్లోనే జవాబు చెబుతాను. నేను రవాణా విమానాల మీద ఇరవై నాలుగేళ్లు పనిచేసి వింగ్ కమాండర్‌గా బయటికి వచ్చినవాణ్ణి. మధ్యలో కొన్నేళ్లు కెడెట్లకు ఓనమాలు దిద్దించే శిక్షకుడిగా కూడా ఉన్నాను.

జీతం ఎంత అని అందరూ ముందుగా అడుగుతారు గానీ, అది ప్రభుత్వ పట్టికలో అచ్చయి ఉన్న అంకె, దాని గురించి పెద్దగా ఆలోచించవలసింది లేదు. ఆలోచించవలసింది వేరే ఉంది. ఈ కొలువులో కొన్ని నిర్ణయాలు, కొన్ని పరీక్షలు జీవితంలో ఒక్కసారే ఎదురవుతాయి, ఆ తర్వాత ఎంత పశ్చాత్తాపపడినా తిరిగి మార్చుకోవడం కుదరదు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే తెలిసి ఉంటే మిగతావన్నీ దారిలో సర్దుకుంటాయి.

మొదటిది, చేరే దారి. మీ అబ్బాయికి ఎదురుగా ఉన్నది యూపీఎస్‌సీ ఏటా రెండుసార్లు నిర్వహించే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష. వయసు పదహారున్నరకూ పందొమ్మిదిన్నరకూ మధ్య ఉండాలి, ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి. రాతపరీక్షలో గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు, ఆపైన ఎస్‌ఎస్‌బీ అనే ఎంపిక మండలి ఇంటర్వ్యూకు మరో 900. అంటే రాతపరీక్ష మొత్తానికి ఎంత బరువు ఉందో, ఐదు రోజుల ఇంటర్వ్యూకూ అంతే బరువు ఉంది. కోచింగ్ సెంటర్లు మొదటి సగం గురించే మాట్లాడతాయి. ఒక్కో విడతలో వైమానిక దళపు ఫ్లయింగ్ శాఖకు కేటాయించే సీట్లు 92 మాత్రమే. దరఖాస్తులో సైన్యం, నౌకాదళం, వైమానిక దళం వరుసక్రమం అడుగుతారు. అబ్బాయి నిజంగా విమానమే కోరుకుంటే ఆ గడిలో మొహమాటం లేకుండా వైమానిక దళాన్నే మొదట రాయాలి. ఎంపికైతే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏలో మూడేళ్లు చదువు, జేఎన్‌యూ పట్టా, ఆ తర్వాత దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీ. ఈ దారిలో వచ్చేది పర్మనెంట్ కమిషన్, అంటే పింఛనుతో కూడిన పూర్తికాలపు ఉద్యోగం.

మీ అమ్మాయి సంగతి వేరు. 2021లో సుప్రీంకోర్టు జోక్యం తర్వాత ఎన్‌డీఏ తలుపులు అమ్మాయిలకు తెరుచుకున్నాయి, 2025 మే నెలలో తొలి 17 మంది అక్కడ పట్టా పుచ్చుకున్నారు. కానీ ఆమెకు ఆ వయసు దాటిపోయింది. డిగ్రీ తర్వాత అబ్బాయిలకు యూపీఎస్‌సీ నిర్వహించే సీడీఎస్ పరీక్ష ద్వారా పర్మనెంట్ కమిషన్ దారి మిగిలి ఉంది గానీ, ఇప్పటి నోటిఫికేషన్ల ప్రకారం ఫ్లయింగ్ శాఖలో డిగ్రీ చదివిన అమ్మాయిలకు ఉన్నవి వైమానిక దళమే నిర్వహించే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ 'సి' సర్టిఫికెట్ ఉంటే ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశం. ఈ రెండింటిలోనూ వారికి వచ్చేది పద్నాలుగేళ్ల షార్ట్ సర్వీస్ కమిషన్, అది పొడిగించేది కాదు, దానికి పింఛను ఉండదు. ఏఎఫ్‌క్యాట్ కూడా ఏటా రెండుసార్లు జరుగుతుంది. 100 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. కోర్సు మొదలయ్యే నాటికి వయసు ఇరవైకీ ఇరవై నాలుగుకూ మధ్య ఉండాలి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉన్నవారికి ఇరవై ఆరు వరకు అవకాశం ఉంటుంది. డిగ్రీలో 60 శాతం, ఇంటర్ గణితం, భౌతికశాస్త్రాల్లో విడివిడిగా 50 శాతం తప్పనిసరి. ఆమె పుట్టినతేదీతో లెక్క వేసి ఎన్ని విడతలు మిగిలాయో ఈరోజే చూడండి. చాలామందికి ఆ లెక్క రెండో మూడో అని తేలి గుండె జారుతుంది.

ఒక్క రూపాయి కోచింగ్ ఫీజు కట్టకముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది, అది శరీరాన్ని కొలవడం. ఫ్లయింగ్ శాఖకు కనీస ఎత్తు 162.5 సెంటీమీటర్లు అన్నది అందరికీ తెలుసు. తెలియనిది కాలి పొడవు సంగతి. గోడకు వీపూ నడుమూ ఆనించి నేలమీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, గోడ నుంచి మడమ వరకు టేపు పట్టాలి. ఆ కొలత 99 సెంటీమీటర్లకు తక్కువ కాకూడదు, 120కి మించకూడదు. తొడ పొడవు 64 దాటకూడదు, కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 మధ్య ఉండాలి. ఇవి ఎవరో తోచి పెట్టిన అంకెలు కావు. కాలు చిన్నదైతే విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్ అందదు, తొడ పొడవైతే ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఇజెక్షన్ సీటు పైకి దూసుకెళ్లేటప్పుడు మోకాలు ముందున్న పలకకు తగులుతుంది. చూపు విషయంలో హ్రస్వదృష్టి ఉండకూడదు, రంగుల గుర్తింపు అత్యున్నత శ్రేణిలో ఉండాలి. లేజర్ శస్త్రచికిత్స చేయించుకుంటే సరిపోతుందని ఎవరో అంటే ముందు మీరు దరఖాస్తు చేసే ప్రవేశపు నోటిఫికేషన్‌లో వైద్య ప్రమాణాల అనుబంధం చదవండి. ప్రతి ప్రవేశానికీ నిబంధన ఒకటే కాదు, తొందరపడి చేయించుకున్న చికిత్సను రద్దు చేసుకోలేరు. కంటి వైద్యుడి దగ్గర రంగుల పరీక్ష, ఎముకల వైద్యుడి దగ్గర వెన్నెముక ఎక్స్‌రే, చెవి ముక్కు గొంతు పరీక్ష, ఈ మూడూ ముందే చేయించుకున్న పిల్లవాడు ఢిల్లీలోనో బెంగళూరులోనో తుది వైద్య పరీక్షకు స్థిమితంగా వెళ్తాడు.

రాతపరీక్ష తర్వాత ఎంపిక మండలి. వైమానిక దళానికి డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి, కాంచ్రాపారాల్లో ఇవి ఉన్నాయి. మొదటి రోజు తెలివితేటల పరీక్ష, బొమ్మ చూసి కథ రాసి గుంపులో చర్చించడం. అక్కడే సగానికి పైగా ఇంటికి వెళ్లిపోవడం మామూలే. మిగిలినవారికి మనస్తత్వ పరీక్షలు, మైదానంలో జట్టుపనులు, ఇంటర్వ్యూ. ఇక్కడ తప్పిపోయినవారు మళ్లీ రావచ్చు, నాలుగోసారి వచ్చి నెగ్గినవాళ్లు నాకు తెలుసు. కానీ ఫ్లయింగ్ శాఖకు ఆ పైన సీపీఎస్‌ఎస్ అనే పైలట్ ఎంపిక పరీక్ష ఒకటి ఉంది. అది జీవితంలో ఒక్కసారే. పరికరాల ముళ్లను చూసి విమానం ఎటు వంగి ఉందో చెప్పడం, తెరమీద కదిలే చుక్కను చేత్తో స్టిక్ (విమానాన్ని అదుపు చేసే కర్ర), కాళ్లతో పెడళ్లు కదిపి అదుపులో ఉంచుతూనే పక్కన వెలిగే దీపాలకు స్పందించడం ఇందులో ఉంటాయి. దీంట్లో తప్పితే ఏ ప్రవేశం ద్వారా వచ్చినా ఫ్లయింగ్ శాఖకు మళ్లీ తీసుకోరు. అందువల్ల "ఈసారి ఊరికే అనుభవం కోసం వెళ్తాను" అన్న మాట ఎస్‌ఎస్‌బీకి చెల్లుతుందేమో గానీ దీనికి చెల్లదు. జ్వరంతోనో నిద్ర లేకుండానో ఆ గదిలోకి అడుగుపెట్టకూడదు. ముందురోజు ఇచ్చే సూచనల పుస్తకాన్ని ఒకటికి రెండుసార్లు చదవడమే దీనికి నాకు తెలిసిన సన్నద్ధత.

శిక్షణ దుండిగల్‌లో మొదలవుతుంది. అకాడమీలో శిక్షణ పొందే కెడెట్‌కు నెలకు 56,100 రూపాయల స్థిర స్టైపెండ్ ఉంటుంది. ఖడక్‌వాస్లాలో గడిపే మూడేళ్లకు ఇది వర్తించదు, అయితే అక్కడ చదువు, బస, తిండి ప్రభుత్వ ఖర్చే. తొలిదశలో పిలాటస్ పీసీ-7 మీద ఎగరడం నేర్పుతారు, మన హెచ్‌ఏఎల్ రూపొందించిన హెచ్‌టీటీ-40 దానికి తోడుగా రానుంది. మా రోజుల్లో హెచ్‌పీటీ-32 ఉండేది, 2009లో దాన్ని పక్కన పెట్టేశారు.

ఆ దశ ఎలా ఉంటుందో చెప్పాలంటే సాయంత్రం కెడెట్ల గదుల వైపు వెళ్లి చూడాలి. ఒక పిల్లవాడు మామూలు కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్లు మూసుకుని, చేతిలో చీపురు కర్రను స్టిక్‌లా పట్టుకుని, ఎడమ చేత్తో అక్కడ లేని థ్రాటిల్‌ను (ఇంజన్ శక్తిని మార్చే మీటను) నెమ్మదిగా వెనక్కి లాగుతూ, దిగేముందు చేయవలసిన తనిఖీలను పైకి వల్లిస్తూ ఉంటాడు. కొత్తగా చూసినవాళ్లకు నవ్వొస్తుంది. విమానంలో గంటకు ఎంతో ఖర్చవుతుంది, కుర్చీకి ఏమీ కాదు. గాలిలోకి వెళ్లాక ఆలోచించే తీరిక ఉండదు కాబట్టి చేతులకు ముందే అలవాటు కావాలి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో వెనకబడినవారు చాలావరకు తెలివి తక్కువై వెనకబడలేదు, ఈ కుర్చీ సాధనను చిన్నతనంగా భావించి వెనకబడ్డారు.

ఒకనాడు ముందస్తు మాటేమీ లేకుండా శిక్షకుడు ఇంజన్ నడుస్తుండగానే దిగిపోతాడు. దిగేముందు తన ఖాళీ సీటు బెల్టులను ఒకదానితో ఒకటి గట్టిగా బిగిస్తాడు, అవి జారి స్టిక్‌కు చుట్టుకోకుండా. ఆ బిగింపు చూసినప్పుడే కెడెట్‌కు తాను ఒంటరిగా ఎగరబోతున్నానని అర్థమవుతుంది. దాన్ని సోలో అంటారు. నిర్ణీత గంటల్లో సోలోకు చేరలేని కెడెట్‌కు వేరే శిక్షకుడితో, ఆపై పెద్ద శిక్షకుడితో పరీక్షా విహారాలు పెడతారు. అప్పటికీ కుదరకపోతే ఫ్లయింగ్ నుంచి సస్పెండ్ చేస్తారు. ఇక్కడ సస్పెండ్ అంటే శిక్ష కాదు, నైపుణ్యం సరిపోలేదన్న తీర్పు మాత్రమే. ఖాళీలను బట్టి గ్రౌండ్ శాఖల్లోకి మార్చే అవకాశం ఉంటుంది, తిరిగి పైలట్‌గా మాత్రం రాలేరు. ఇష్టం లేక మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టవలసి ఉంటుంది, చేరేటప్పుడు తల్లిదండ్రులు సంతకం పెట్టే పత్రంలో ఆ సంగతి ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టకండి.

తొలిదశ చివర మూడు పాయలుగా విడదీస్తారు: ఫైటర్, రవాణా, హెలికాప్టర్. ప్రతిభాక్రమం, దళానికి ఉన్న అవసరం, శిక్షకుల అంచనా కలిపి ఇది తేలుతుంది, కోరిక ఒక్కటే చాలదు. ఫైటర్ పాయ వారు హకీంపేటలో కిరణ్ జెట్ మీద, హెలికాప్టర్ వారు అక్కడి హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో, రవాణా వారు బెంగళూరు దగ్గర యెలహంకలో డోర్నియర్ మీద సాగుతారు. జూన్, డిసెంబరుల్లో దుండిగల్‌లో జరిగే పట్టాల కవాతులో ఛాతీకి రెక్కల బిళ్ల, భుజానికి ఫ్లయింగ్ ఆఫీసర్ హోదా వస్తాయి. ఫైటర్ వారికి ఆ తర్వాత బీదర్‌లో హాక్ జెట్ మీద మరో దశ ఉంటుంది, అప్పుడుగానీ స్క్వాడ్రన్‌కు చేరరు. అమ్మాయిలు 2016 జూన్‌లో తొలిసారి ఫైటర్ శాఖలో అధికారులయ్యారు. అప్పుడు ప్రయోగాత్మకంగా మొదలైన ఆ పథకాన్ని 2022లో శాశ్వతం చేశారు.

ఫైటర్ రాలేదని కన్నీళ్లు పెట్టుకున్న కెడెట్లను ఓదార్చాను. వారిలో ఎందరో ఇరవై ఏళ్ల తర్వాత తమ పాయే మేలని నాతో అన్నారు. ఫైటర్ పైలట్ శరీరం మీద పడే భారం వేరు. తన బరువుకు ఎన్నో రెట్లు మీద కూర్చున్నట్టుండే మలుపుల్లో కాళ్లలోకి జారే రక్తాన్ని కండరాలు బిగించి ఆపుకోవాలి. ఇజెక్ట్ అయితే ప్రాణం దక్కుతుంది గానీ వెన్నెముకను మళ్లీ పరీక్షించి ఒప్పుకునే దాకా నేలమీదే ఉండాలి. ఇంకో తేడా గంటల్లో ఉంది, దాని సంగతి ఎయిర్‌లైన్స్ దగ్గర చెబుతాను.

ఇక జీతం. ఏడో వేతన సంఘం పట్టిక ప్రకారం ఫ్లయింగ్ ఆఫీసర్ మూలవేతనం 56,100తో మొదలవుతుంది, ఫ్లైట్ లెఫ్టినెంట్‌కు 61,300, స్క్వాడ్రన్ లీడర్‌కు 69,400, వింగ్ కమాండర్‌కు 1,21,200, గ్రూప్ కెప్టెన్‌కు 1,30,600. ఫ్లయింగ్ ఆఫీసర్ నుంచి ఎయిర్ కమడోర్ వరకు అందరికీ సైనిక సేవా వేతనం 15,500 ఒకటే. దీన్ని భత్యం అనుకోవద్దు. డీఏ దీని మీదా లెక్కిస్తారు, పింఛనులోనూ కలుస్తుంది. ఫ్లయింగ్ భత్యం పట్టికలో 25,000. డీఏ 50 శాతానికి చేరినప్పుడు ఈ రకం భత్యాలు 25 శాతం పెరగాలన్న నియమం ప్రకారం 2024 జనవరి నుంచి అది 31,250 అయింది. ఒక కొత్త ఫ్లయింగ్ ఆఫీసర్ లెక్క చూద్దాం. మూలవేతనమూ సైనిక సేవా వేతనమూ కలిపి 71,600. 2025 జూలై నుంచి అమలైన 58 శాతం డీఏ దాని మీద 41,528. ఫ్లయింగ్ భత్యం 31,250. మొత్తం 1,44,378. ఇది కాక రవాణా భత్యం, క్వార్టర్ లేకపోతే ఇంటద్దె భత్యం ఉంటాయి. ఇందులోంచి ఆదాయపు పన్ను, డీఎస్‌ఓపీ అనే అధికారుల భవిష్యనిధి, గ్రూపు బీమా కోత పోతాయి. ఎనిమిదో వేతన సంఘం సిఫార్సులు అమలైనప్పుడు ఈ అంకెలన్నీ మారతాయి, నిర్మాణం ఇలాగే ఉంటుంది కాబట్టి లెక్క వేసే పద్ధతి తెలుసుకుంటే చాలు.

హోదాలు స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్ వరకు కాలాన్ని బట్టి వస్తాయి: రెండేళ్లకు ఫ్లైట్ లెఫ్టినెంట్, ఆరేళ్లకు స్క్వాడ్రన్ లీడర్, పదమూడేళ్లకు వింగ్ కమాండర్. ఆ పైన గ్రూప్ కెప్టెన్‌కు ఎంపిక మండలి ఉంటుంది, అక్కడ మెడ సన్నబడుతుంది. వింగ్ కమాండర్ కాగానే మూలవేతనంలో పెద్ద గెంతు ఉందని పైన అంకెల్లోనే కనిపిస్తుంది. పదమూడో ఏటికి ముందు బయటికి రావాలనుకునేవారు దీన్ని గమనించాలి.

ఫ్లయింగ్ భత్యం గురించి ఒక హెచ్చరిక. అది పింఛనుకు లెక్కలోకి రాదు, వైద్య కారణాల వల్ల శాశ్వతంగా ఎగరడానికి అనర్హులైతే ఆగిపోతుంది. మా తరంలో ఆ భత్యాన్ని నమ్ముకుని ఇంటి అప్పు వాయిదాలు పెట్టుకుని, ఏటా జరిగే వైద్య పరీక్షలో కేటగిరీ పడిపోగానే ఇబ్బంది పడినవాళ్లు ఉన్నారు. వాయిదా ఎప్పుడూ మూలవేతనం మీద ఆధారపడేలా పెట్టుకోవాలి. కొత్తగా చేరినప్పుడే డీఎస్‌ఓపీకి కనీస మొత్తం కాకుండా కొంచెం ఎక్కువ కోత పెట్టించుకుంటే ఆ డబ్బు లేనట్టే అలవాటవుతుంది. నేను అది ఎనిమిదేళ్లు ఆలస్యంగా చేశాను.

పింఛను దగ్గరికి వద్దాం. 2004లో మొదలైన జాతీయ పింఛను పథకం నుంచి సాయుధ దళాలకు మినహాయింపు ఉంది, కాబట్టి పాత పద్ధతే కొనసాగుతోంది. అధికారికి సాధారణంగా కనీసం ఇరవై ఏళ్ల అర్హమైన సేవ ఉండాలి. పింఛను చివరి మూలవేతనంలోనూ సైనిక సేవా వేతనంలోనూ సగం. ఇరవై ఏళ్లు నిండిన ఒక వింగ్ కమాండర్ మూలవేతనం 1,49,000 అనుకుందాం, పదమూడో ఏట 1,21,200 నుంచి ఏడు ఇంక్రిమెంట్లు కలిస్తే పట్టికలో అక్కడికే చేరుతుంది. దానికి 15,500 కలిపితే 1,64,500, సగం 82,250. దాని మీద 58 శాతం కరవు సాయం 47,705. మొత్తం నెలకు 1,29,955. ఇందులో సగం పింఛను వరకు ముందే ఏకమొత్తంగా తీసుకోవచ్చు, దాన్ని కమ్యుటేషన్ అంటారు. ఆ వయసుకు ఏడాది మొత్తానికి సుమారు తొమ్మిది రెట్లు లెక్కిస్తారు కాబట్టి 44 లక్షల పైచిలుకు చేతికి వస్తుంది, నెలకు 41,125 తగ్గుతుంది, పదిహేనేళ్ల తర్వాత ఆ కోత ఎత్తేస్తారు. కరవు సాయం మాత్రం తగ్గించని పింఛను మీదే లెక్కిస్తారు, ఈ ఒక్క ముక్క తెలియక కమ్యుటేషన్ వద్దన్నవారిని చూశాను. గ్రాట్యుటీ ప్రతి ఆరు నెలల సేవకు పావు నెల జీతం, డీఏతో సహా. ఈ ఉదాహరణలో పది నెలల జీతం 25.99 లక్షలు అవుతుంది గానీ పరిమితి 25 లక్షలు, కాబట్టి అంతే వస్తుంది. మిగిలిన సెలవులకు 300 రోజుల దాకా డబ్బు, డీఎస్‌ఓపీ నిల్వ, గ్రూపు బీమా పొదుపు వేరే. వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకం ఉంటుంది, అధికారులు ఒకసారి 1,20,000 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ జీవితాంతం వర్తిస్తుంది.

పద్నాలుగేళ్ల షార్ట్ సర్వీస్ ముగించినవారికి గ్రాట్యుటీ, డీఎస్‌ఓపీ, సెలవుల డబ్బు, బీమా పొదుపు వస్తాయి, 2019 నుంచి ఈసీహెచ్‌ఎస్‌లో చేరే వీలూ కలిగింది. నెలనెలా వచ్చేది మాత్రం ఏదీ లేదు. మీ అమ్మాయి ఈ దారిలో వెళ్తే ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడేళ్ల వయసులో బయటికి వస్తుంది. దీన్ని నష్టంగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. పౌర విమానాలు నడిపే పైలట్‌కు అరవై అయిదేళ్ల దాకా అవకాశం ఉంది, అంటే ఆమెకు ఇంకా ఇరవై ఎనిమిదేళ్ల పని మిగిలి ఉంటుంది. ఆ మార్పుకు సన్నద్ధత సర్వీసు పదో ఏట మొదలుపెట్టాలి, పద్నాలుగో ఏట కాదు.

సన్నద్ధత అంటే ముఖ్యంగా లాగ్‌బుక్. ఎగిరిన ప్రతి గంట ఏ విమానం మీద, పగలా రాత్రా, కెప్టెన్‌గానా సహపైలట్‌గానా, పరికరాల ఆధారంగానా అన్నది నమోదై, అధికారి ధ్రువీకరణతో ఉండాలి. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ లైసెన్సు కావాలి, దానికి 1,500 గంటలు అవసరం. రవాణా పైలట్‌కు పద్నాలుగేళ్లలో ఆ గంటలు, అదీ రెండు ఇంజన్ల విమానం మీద, దాటిపోవడం కష్టం కాదు. ఫైటర్ విహారం చాలాసార్లు గంటలోపే ముగుస్తుంది, పైగా చాలా రకాలకు ఇంజన్ ఒకటే, ఒంటరి సీటు; అందుకే ఫైటర్ నుంచి వచ్చినవాడు అద్భుతమైన పైలట్ అయినా కాగితం మీద తక్కువగా కనిపిస్తాడు. డీజీసీఏ పరీక్షలు, రేడియో టెలిఫోనీ లైసెన్సు, మొదటి తరగతి వైద్య ధ్రువపత్రం, ఆపై నడపబోయే విమానపు రకానికి టైప్ రేటింగ్ అనే ప్రత్యేక అర్హత ఇవన్నీ డబ్బూ నెలలూ తీసుకుంటాయి. సర్వీసులో ఉండగానే అనుమతితో రాయగలిగిన పరీక్షలు రాసేయడం మేలు. హెలికాప్టర్ వారికి లైసెన్సు వేరు, సముద్రంలోని చమురు వేదికలకు మనుషులను చేరవేసే పని, వైద్య సేవలు, తీర్థయాత్రల విహారాలు ప్రధానంగా దొరుకుతాయి.

"కొన్నేళ్లు చేసి ఎయిర్‌లైన్స్‌కు మారిపోవచ్చా" అన్నదానికి సూటి జవాబు, కుదరదని. పర్మనెంట్ కమిషన్ అధికారి ముందుగా వెళ్లిపోవడానికి దరఖాస్తు చేయవచ్చు, అది హక్కు కాదు, దళానికి పైలట్లు తక్కువగా ఉన్న కాలంలో తిరస్కరించడమే ఎక్కువ. ఇరవై ఏళ్లు నిండాక అనుమతి దొరికితే పింఛను వస్తుంది గానీ ఇంకో గీత ఉంది. ఒకే హోదా, ఒకే పింఛను పథకం 2014 జూలై 1 నుంచి అమలైంది, అయిదేళ్లకొకసారి పింఛను సవరిస్తుంది; ఆ తేదీ తర్వాత తమంతట తాము ముందుగా విరమించినవారికి అది వర్తించదన్నది ప్రభుత్వ ఉత్తర్వు. సర్వీసు ఇరవై ఒకటో ఏట ఎయిర్‌లైన్ జీతం చూసి సంతకం పెట్టేవాళ్లు ఆ సవరణలను ముప్ఫై ఏళ్లపాటు వదులుకుంటున్నామన్న లెక్క కూడా పక్కన రాసుకోవాలి. రాసుకున్నాక కూడా వెళ్లడమే లాభమని తేలవచ్చు, అది వేరే సంగతి.

కాబట్టి అబ్బాయి ముందు ఎన్‌డీఏకు రెండు మూడు విడతలు రాసి, రాకపోతే డిగ్రీ తర్వాత సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ రెండూ రాయాలి; రెండింటిలోనూ పేరు వస్తే సీడీఎస్ వైపే వెళ్లాలన్నది నా సలహా. అమ్మాయి రాబోయే ఏఎఫ్‌క్యాట్ నోటిఫికేషన్‌కే దరఖాస్తు చేయాలి, ఉద్యోగంలో చేరి ఏడాది చూద్దామనుకుంటే వయసు ఆగదు. పాయ ఎంచుకునే రోజున ఆమెను రవాణా గురించి కూడా ఆలోచించమనండి.

వాళ్ల అమ్మగారి ప్రశ్న, ఏదైనా జరిగితే ఏమిటని. దాన్ని దాటవేయకుండా అడిగినందుకు ఆమెకు నమస్కారం. విధి నిర్వహణకు సంబంధించిన కారణంతో మరణం సంభవిస్తే కుటుంబానికి చివరి వేతనంలో 60 శాతం ప్రత్యేక కుటుంబ పింఛనుగా వస్తుంది; యుద్ధంలోనో శత్రు చర్యలోనో అయితే పూర్తి వేతనమంతా పింఛనుగా వస్తుంది. గ్రూపు బీమా, ప్రభుత్వ ఏకమొత్తపు సాయం, గ్రాట్యుటీ వేరే. బీమా, డీఎస్‌ఓపీ వంటివాటికి నామినేషన్ కాగితంలో ఎవరి పేరుందో అదే ముందుగా చూస్తారు. పెళ్లికి ముందు అందరూ అమ్మ పేరో నాన్న పేరో రాస్తారు, పెళ్లయ్యాక మార్చడం మరచిపోతారు. మా యూనిట్‌లో ఒక అడ్జుటెంట్ (కార్యాలయ వ్యవహారాలు చూసే అధికారి) ఏటా జనవరి మొదటి వారంలో పైలట్లందరినీ వరుసగా పిలిచి, ఫైలు తెరిచి, ఆ పేరు మీద వేలు పెట్టి చూపించి, "ఇదేనా ఇప్పటికీ?" అని అడిగేవాడు. మొదటి ఏడాది నలుగురు అక్కడికక్కడే కొత్త కాగితం నింపారు, వారిలో నేనొకణ్ణి.